సంచుల దగ్గర ఎవరుంటారు?

మా బావగారు మంచివారు. ఈ ముక్క ముందే రాసెయ్యటం మంచిది. ఎందుకంటే దీన్ని మా అక్క ఆయనకి చదివి వినిపిస్తుంది. ఆయన మధ్యలో లేచిపోకుండా ఉండాలంటే మొదట్లో కాస్త బెల్లం ముక్క పెట్టాలి కదా!

ఇక అసలు సంగతి. మా బావగారికి ఊళ్ళు చూపించే జబ్బుంది.

అక్కావాళ్ళుండేది ఇండియానాపోలిస్‌లో. పోయిన జూన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మావారికి సెలవు దొరక్క నేనొక్కదాన్నే వెళ్ళాను. నాలుగు రోజులు షికాగో ప్రయాణం అన్నారు. నేను విమానం దిగిన రెండోరోజున, ఇంకా నిద్రమత్తు వదలకముందే, బావగారు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. కంప్యూటర్లో గళ్ళు గీసి, గళ్ళకి రంగులద్ది తయారుచేసిన పట్టిక అది. నాలుగు రోజులు, ఇరవైమూడు చోట్లు. ఒక్కొక్కదానికీ ఎదురుగా నిమిషాలు. సియర్స్ టవర్ 60. స్టీలు చిక్కుడుగింజ 15. వివేకానందుడు 10. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 75. మధ్యాహ్న భోజనం, పార్కులో, పులిహోర, 20.

ఇండియానాపోలిస్ గడియారానికీ షికాగో గడియారానికీ గంట తేడా. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే ఆ గంట మనకి ఊరికే కలిసొస్తుందట. అంచేత ఆ గంటలో ఇంకో చోటు ఇరికించారు. "తిరిగొచ్చేటప్పుడు ఆ గంట మళ్ళీ పోతుంది కదండీ బావగారూ?" అన్నాను. "పోతే పోనీవమ్మా, అప్పుడు చూడాల్సిందేం ఉండదుగా" అన్నారు.

ఆ పట్టికని నేను రెండుసార్లు చదివాను. అందులో బాత్‌రూముకి నిమిషాలు లేవు. కూర్చోవటానికి లేవు. మా అక్క పేరు మాత్రం ఒకే ఒక్కచోట ఉంది. డెవాన్ ఎవెన్యూ అని షికాగోలో మనవాళ్ళ దుకాణాలున్న వీధి ఉంది. అందులో కొంత భాగానికి గాంధీ మార్గ్ అని పేరు కూడా పెట్టారు. ఆ గడిలో, 'సరుకులు (మీ అక్క), 120 నిమిషాలు' అని ఉంది. అంటే ఇరవైమూడు చోట్లలోకీ ఎక్కువ సమయం కందిపప్పుకీ, చింతపండుకీ కేటాయించారన్నమాట!

మనవాళ్ళు ఊరు 'చూశాం' అనటం మానేసి చాలా కాలమైంది, గమనించారా? 'కవర్ చేశాం' అంటారు. నాలుగు రోజుల్లో షికాగో కవర్ చేశాం, రెండు రోజుల్లో వాషింగ్టన్ కవర్ చేశాం. దుప్పటి కప్పినట్టు! కప్పేశాక ఇంకేం కనిపిస్తుంది?

సరే, గురువారం తెల్లవారుజామున బయల్దేరాం. అంటే మేం అయిదింటికి లేచాం, అక్క మూడింటికి లేచింది. పులిహోర, పెరుగన్నం, చపాతీలు, వేయించిన అప్పడాలు, ఫ్లాస్కులో కాఫీ, హోటల్ గదిలో వండుకోవటానికి చిన్న కుక్కరు. మొత్తం మూడు సంచులు. ఈ మూడు సంచులూ జ్ఞాపకం పెట్టుకోండి. ఈ వ్యాసానికి అవే కథానాయికలు.

మొదటిరోజు సియర్స్ టవర్. దానికి 2009లో విల్లిస్ టవర్ అని పేరు మార్చారు కానీ, ఊళ్ళోవాళ్ళు చాలామంది పాత పేరుతోనే పిలుస్తారు, నేనూ అంతే. నూటపది అంతస్తులు. 1998 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. దాన్ని అంత ఎత్తున నిలబెట్టిన ఇంజనీరు ఢాకాలో పుట్టినవాడు, ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. తొమ్మిది నలుచదరపు గొట్టాల్ని కట్టెలమోపులా ఒకచోట చేర్చి కట్టాడు. కొన్ని గొట్టాలు యాభయ్యో అంతస్తులోనే ఆగిపోతాయి, కొన్ని ఇంకా పైకెళ్ళి ఆగుతాయి, రెండే రెండు చిట్టచివరిదాకా వెళతాయి. దేనికదిగా నిలబడితే గాలికి ఊగిపోయేవి, అన్నీ కలిసి ఒకదానికొకటి దన్నుగా ఉన్నాయి. టవర్ పక్కన వీధి మలుపుకి ఆయన పేరు పెట్టారు. బావగారి పట్టికలో ఈ సంగతి లేదు, ఎందుకంటే వీధి పేరు పలకకి టిక్కెట్టు లేదు.

నూటమూడో అంతస్తులో గోడకి బయట నాలుగడుగుల మేర గాజుపెట్టెలు వేలాడదీశారు. అడుగున కూడా గాజే. అందులో నించుని కిందకి చూస్తే కార్లు చీమలంత కనిపిస్తాయి. నేనూ నించున్నాను, కెవ్వుమన్నాను, ఫోటో దిగాను. దిగొచ్చి చూద్దును కదా, కింద బెంచీ మీద అక్క. కాళ్ళ దగ్గర మూడు సంచులు, పక్కన పిల్లల స్వెట్టర్లు, ఒళ్ళో నా హ్యాండుబ్యాగు.

"ఎన్నోసారి వచ్చావే షికాగోకి?" అన్నాను.

"ఏడోసారి" అంది. అత్తగారొచ్చినప్పుడోసారి, మరుదులొచ్చినప్పుడు రెండుసార్లు, అమ్మ వచ్చినప్పుడు, అలా లెక్కచెప్పింది.

"పైకి ఎన్నిసార్లెక్కావు?"

"ఎక్కలేదు. ఎవరో ఒకళ్ళు సంచుల దగ్గరుండాలిగా" అంది, అదేదో తిథివారనక్షత్రాల్లో రాసిపెట్టి ఉన్నట్టు.

చెప్పొద్దూ, నాకు ముందు సిగ్గేసింది. కోపం తరవాత వచ్చింది. ఎందుకంటే హ్యాండుబ్యాగు ఆవిడ ఒళ్ళో పెట్టింది నేనే కదా! బావగారి మీద వ్యాసం రాస్తున్నాను కానీ, ఆ పూట నా నిర్వాకం కూడా అంతే. 'అక్క ఉంది' అనుకున్నాను. ఇంట్లో అందరం అనుకునేది అదే. నాంపల్లి ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ కింద నించున్నది మా అమ్మ. తిరుపతి సత్రంలో చెప్పులకి కాపలా ఉన్నది మా పెద్దత్తయ్య. అమెరికా వెళితే సంచి మారిందే కానీ, కాపలా మారలేదు.

ఇప్పుడు బావగారి వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "ఎంత దూరం నుంచి వచ్చావు, టిక్కెట్టుకి లక్షన్నర తగలేశావు, మళ్ళీ ఎప్పుడొస్తావో! నాలుగు చూపించకపోతే ఊళ్ళో నన్నేమంటారు?" అంటారాయన. అందులో ప్రేమ ఉంది, నేను కాదనను. డబ్బు బాధ కూడా నిజమే. షికాగో నడిబొడ్డున హోటల్ గది ఖరీదు వింటే గుండె ఝల్లుమంటుంది, కారు నిలుపుకోవటానికి తీసుకునే డబ్బు వింటే పూర్తిగా ఆగుతుంది. పైగా చూడదగ్గ చోట్లు కొన్నింటిని కట్టగట్టి ఒకే టిక్కెట్టుగా అమ్ముతారు. విడివిడిగా కొన్నదానికంటే చవకే. కానీ ఆ కట్ట కొన్న క్షణం నుంచీ యజమాని మీరు కాదు, కట్ట. ఒక్కటి చూడకపోయినా డబ్బు దండగైపోతుందేమోనని కడుపుమంట. కాళ్ళు పీకుతున్నా వెళ్ళాల్సిందే. విందుకి పిలిచి, విస్తట్లో వడ్డించిందంతా తినేదాకా లేవనివ్వని పెళ్ళివారిలాగా!

ఖర్చులు లెక్కగట్టేటప్పుడు అక్క తెల్లవారుజామున మూడింటి నుంచి చేసిన చాకిరీ ఏ గడిలో వేశారు? పులిహోర 'ఊరికే' వచ్చిందట. ఏడుసార్లు మూడు వందల అరవై మైళ్ళు పోయివచ్చి, టవర్ నీడలో కూర్చుని వచ్చిన మనిషి ప్రయాణం దండగ కాదూ? పిల్లలు చేపల అద్దాలమేడ చూడకపోతే టిక్కెట్టు వృథా, అక్క ఊరు మొత్తం చూడకపోతే వృథా కాదు. ఇదెక్కడి గణితం?

దీన్లో మన తప్పు కూడా ఉందంటే నామీద విరుచుకుపడకండి. 'మా ఆవిడ పులిహోర లేకపోతే ప్రయాణమే లేదు' అని నలుగురిలో అంటే మనకి లోపల కాస్త పొంగు. 'నాకు మోకాళ్ళు, మీరెళ్ళిరండి' అనటంలో ఒక త్యాగం రుచి ఉంది, అది మా బాగా మరిగాం. ఆ రాత్రి హోటల్ గదిలో అక్కతో ఇదే అన్నాను. అక్కకి కోపం వచ్చింది. "నీకేం, నవలలు రాసుకుంటావు. నేను ఎక్కుతానంటే పిల్లల స్వెట్టర్లు ఎవరు పట్టుకుంటారు?" అంది. "కొడుక్కి పందొమ్మిదేళ్ళు, కూతురికి పదహారు. వాళ్ళ స్వెట్టర్లు వాళ్ళు తొడుక్కుంటారు" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "నిజం చెప్పనా? ఆ పైకెక్కాలని నాకు సుతరామూ లేదు. నాకు ఆ బొమ్మల మ్యూజియం చూడాలనుంది" అంది.

మీకు చెప్పలేదు కదూ, మా అక్క చిన్నప్పుడు డ్రాయింగ్ లోయరూ, హయ్యరూ రెండూ ప్యాసయింది. పెళ్ళికి ముందు మా వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా గోడ మీద బొమ్మ అక్కే వెయ్యాలి. ఏడుసార్లూ ఆ మ్యూజియం మెట్ల దగ్గరున్న రంగు తిరిగి పచ్చబడిన కంచు సింహాల పక్కన కూర్చుందట, సంచులతో.

మర్నాడు పొద్దున్నే బావగారితో చెప్పాను, ఇవాళ మేమిద్దరం వేరే అని. "మీ ప్లానేవిటి?" అన్నారు. లేదన్నాను. పాపం, ఆయన ముఖం చూడాలి!

నిజానికి లేకపోలేదు. సంచులు గదిలో వదిలేశాం. మొట్టమొదటి ప్లాను అదే. ఆ రోజు వంట లేదు. మిషిగన్ ఎవెన్యూ మీద, పార్కుకి ఎదురుగా, కల్చరల్ సెంటర్ అని ఒక పాత భవనం ఉంది. 1897లో ఊరి మొదటి సెంట్రల్ పబ్లిక్ లైబ్రరీగా కట్టారు. లోపలికెళ్ళటానికి పైసా ఇవ్వక్కర్లేదు. పాలరాతి మెట్లు, గోడలనిండా గాజుముక్కల నగిషీ, పైన ముప్ఫై ఎనిమిదడుగుల గాజు గుమ్మటం. టిఫనీవారి పని అది. దానికింద కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చి చూడటమే. బాత్‌రూములున్నాయి. బావగారి ఇరవైమూడు చోట్లలో ఈ చోటు లేదు. టిక్కెట్టు లేకపోతే ఆ చోటు లేనట్టే!

మధ్యాహ్నం పడవ. మోకాళ్ళవాళ్ళకి ఇంతకి మించిన దేవుడు లేడు. గంటన్నరసేపు మీరు కూర్చునే ఉంటారు, ఊరే కదిలి మీ ముందుకొస్తుంది. నదికి రెండువైపులా మేడలు, ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషి. ఈ నది వెనక్కి పారుతుంది, తెలుసా? ఒకప్పుడు ఊరి మురికంతా మోసుకెళ్ళి మిషిగన్ సరస్సులో కలిపేది. ఊరు తాగేదీ ఆ సరస్సు నీళ్ళే. అంచేత ఇరవైఎనిమిది మైళ్ళ కాలువ తవ్వి, 1900లో నదినే అటునుంచి ఇటు తిప్పేశారు. "నదినే తిప్పారే! మీ బావగారిని తిప్పలేమంటావా?" అంది అక్క. ఆవిడ జోకు వెయ్యటం నేను విని ఎన్నేళ్ళైందో.

నది సరస్సుని కలిసే దగ్గర నీలంగా, అలలు అలలుగా ఒక మేడ లేస్తుంది. సెయింట్ రీజిస్ అంటారు, 2020లో పూర్తయింది. దాన్ని గీసింది జీన్ గ్యాంగ్ అనే ఆవిడ. ఒక స్త్రీ రూపకల్పన చేసిన భవనాల్లో ప్రపంచంలో అంతకంటే ఎత్తయినది కట్టినప్పుడు లేదు. ఇదే ఊళ్ళో 1893లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అందులో స్త్రీల భవనం నమూనా గీసింది సోఫియా హేడెన్, అప్పుడే ఆర్కిటెక్చర్ చదువు ముగించిన, ఇరవైల్లో ఉన్న పిల్ల. పక్క భవనాలు గీసిన మగవాళ్ళకిచ్చిన దాంట్లో కొద్ది భాగమే ఆమె చేతిలో పెట్టారు. ప్రదర్శన అయ్యాక ఆ భవనాన్ని కూల్చేశారు కూడా. ఆ ప్రదర్శన సందర్భంగానే సర్వమత మహాసభ జరిగింది, వివేకానందుడు మాట్లాడాడు. ఆయనకి పది నిమిషాలన్నా దొరికాయి మా పట్టికలో. సోఫియాకి అరనిమిషం లేదు.

ఆ సాయంత్రం ఇక్కడి ప్రసిద్ధమైన మందపాటి పిజ్జా తిందామన్నాం. అందరం కలిశాం. అది పొయ్యిలోంచి రావటానికి ముప్పావుగంట పడుతుందంటే బావగారు గడియారం చూసుకున్నారు. ఆ ముప్పావుగంటా ఎవరూ ఎక్కడికీ పరిగెత్తలేదు. పిల్లాడు వాళ్ళమ్మని, పెళ్ళికిముందు గోడలమీద ఏం బొమ్మలు వేసేదానివి అని అడిగాడు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న పుట్టటానికి పందొమ్మిదేళ్ళు పట్టింది.

కనక నా మాట వినండి, ఇలాంటి పెద్దఊరికి వెళ్ళేముందు పట్టిక మీరు రాయండి. మొదటి గడిలో 'సంచుల దగ్గర ఎవరు?' అని రాసి, ఎవరూ లేరు అని తేలేదాకా రెండో గడికి వెళ్ళకండి. పొద్దుటిపూట ఒక పెద్ద చోటు, చాలు. అదీ కాళ్ళల్లో బలం ఉన్నప్పుడే. మధ్యాహ్నం కూర్చుని చూసేవి పెట్టుకోండి. కారు ఇంట్లోనో, హోటల్లోనో వదిలి రైలెక్కండి. షికాగోలో రైలు వీధుల మీదుగా, ఇనపస్తంభాల మీద పోతుంది, మేడల రెండో అంతస్తు కిటికీల పక్కనుంచి. ఊరి నడిబొడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగిరావటానికి అయ్యే ఖర్చు కాఫీ ఖరీదు లోపే. ఒకరోజు పాసు, మూడురోజుల పాసు కూడా దొరుకుతాయి. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నరదాకా పొద్దుంటుంది, సరస్సు ఒడ్డున నడవటానికి తొందరేం లేదు, కానీ ఒక శాలువా ఉంచుకోండి, ఊళ్ళో ఎండ కాస్తున్నా ఒడ్డున గాలి చల్లగా కొడుతుంది. మ్యూజియాలు వారంలో కొన్నిరోజులు మూసేస్తారు, అది ముందే కనుక్కోండి. వంట మాత్రం వద్దు. నాలుగు రోజులు ఎవరో వండింది తింటే ఏ కాపురం కూలిపోదు.

శనివారం పదకొండింటికి మ్యూజియం తలుపులు తీస్తూనే నలుగురం వెళ్ళాం, బావగారు వెనకాలే వచ్చారు, మళ్ళీ ఒక సంచితో. మానవమాత్రులం, ఒక్కరోజులో మారిపోతామా! సంచి చూడగానే అక్క కాళ్ళు వాటంతటవే బెంచీ వైపు తిరిగాయి. నేను రెక్క పట్టుకు ఆపాను. అప్పుడు గుమ్మం దగ్గరున్న అమ్మాయి మా సంచి చూసి, అదిగో అక్కడ ఇవ్వండి, దాచిపెడతారు, వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు అంది. సంచులూ కోట్లూ పుచ్చుకోవటానికి ఒక గది ఉంది. ఏడుసార్లు వచ్చారు. ఏడుసార్లూ ఆ గది అక్కడే ఉంది. ఎవరూ అడగలేదు, ఎందుకంటే వీళ్ళకి ఆ గది అక్కే.

బావగారూ పిల్లలూ 75 నిమిషాల్లో అయిదు ప్రఖ్యాత చిత్రాలు ముగించుకుని చేపల్ని చూడటానికి వెళ్ళిపోయారు. మేమిద్దరం ఉండిపోయాం. అక్కడ జార్జ్ స్యూరా వేసిన పెద్ద బొమ్మ ఒకటుంది, నది ఒడ్డున ఆదివారం మధ్యాహ్నం. దాదాపు ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు. 1884లో మొదలుపెట్టి రెండేళ్ళు వేశాడు. గొడుగులు పట్టుకున్న ఆడవాళ్ళు, గడ్డిలో పడుకున్నవాడు, తాడు కట్టిన కోతి. అంతా చిన్నచిన్న రంగు చుక్కలు. దగ్గరకెళితే చుక్కలే, వెనక్కొస్తే మనుషులు. అక్క దగ్గరకెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. "చుక్కలు కలపకుండానే ముగ్గు తెచ్చాడే!" అంది. బెంచీ మీద కూర్చుని, నా హ్యాండుబ్యాగులోంచి పెన్నూ, పడవ టిక్కెట్టూ తీసి, టిక్కెట్టు వెనక చుక్కలు పెట్టటం మొదలుపెట్టింది. నేను కాసేపు చూసి, పక్కగదుల్లోకి వెళ్ళి తిరిగొచ్చాను. ఇంకా పెడుతూనే ఉంది. అయిదింటికి మూసేస్తున్నామని వచ్చి చెబితే లేచాం.

రాత్రి బావగారు పట్టికలో టిక్కులు పెట్టుకుంటూ, "మీరేం చూశారు?" అన్నారు.

"ఒక బొమ్మ" అంది అక్క.

"పొద్దున్నించీ ఒకటేనా!"

"ఎడమవైపు సగమే అయింది. రేపు పొద్దున మిగతా సగం చూస్తా" అంది. "కందిపప్పు మీరు తెండి. సోనామసూరి పది పౌన్లు, ఇంగువ చిన్నడబ్బా. కాయితం మీద రాసిస్తాను."